పక్కవాణ్ణి నమ్మలేని జబ్బు

ఇది రాస్తానన్నప్పుడు నా భార్య స్వరూప వద్దంది. "ఇంట్ల సంగతి బజార్ల పెడుతవా? బిడ్డ కాలేజీకి పోతాంది. అక్కడోళ్లు చదువరా?" అంది. కొన్నాళ్లకు తనే కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. "రాయి. కని అబద్ధం రాయకు. నన్ను దేవతను చెయ్యకు. నేను గూడ మస్తు తిట్టిన నిన్ను" అంది. ఆ షరతుకు ఒప్పుకునే రాస్తున్నాను.

నా పేరు సారయ్య. ఖిలా వరంగల్‌లో, కోట గోడల లోపల కూరగాయలు పండించే ఇంట్లో పుట్టాను. మీసాలు సరిగా రాకముందే సైన్యంలో చేరి, హవల్దారుగా ఇంటికి తిరిగి వచ్చాను. నాకు తూటా తగలలేదు. కాలూ చెయ్యీ పోలేదు. ఊళ్లోవాళ్లు దండ వేసి, పైనుంచి కిందికి చూసి, "ఏం గాలే, మంచిగనే ఉన్నడు" అనుకున్నారు.

మంచిగా లేను. జబ్బుతో వచ్చాను. దవాఖానలో దానికి పొడుగాటి పేరుంది. నాకు అర్థమైన పేరు ఒకటే: పక్కవాణ్ణి నమ్మలేకపోవడం. దాని గురించి మాట్లాడితే మగతనం పోతుందని, ఒంటి మీది ఫౌజీ వర్దీకి మచ్చ వస్తుందని చాలామంది చెప్పారు. వాళ్లందరికీ ఇదే నా జవాబు. జ్వరం వచ్చినవాడు ఒళ్లు కాలుతున్నందుకు ఎవరినీ క్షమాపణ అడగడు. నేనూ అడగను.

కొండ మీద

యాకూబ్‌ది డోర్నకల్. వాళ్ల నాన్న రైలు పట్టాల మీద పనిచేసేవాడు. మా పోస్టులో తెలుగువాళ్లం కొందరమే ఉన్నా, వాడూ నేనూ కలిసిన తీరు వేరు. వాడు నాకంటే చిన్నవాడు. "సారన్నా" అని పిలిచేవాడు. ఒకే కంచంలో తిన్నాం, ఒకే సిగరెట్ సగం సగం తాగాం. మంచు కొండ మీద గస్తీకి పోయేటప్పుడు అందరం ఒకే తాడుకు కట్టుకుని నడిచేవాళ్లం. ఎవడి నడుముకు వాడు కట్టుకోడు, వెనకవాడు ముందువాడికి ముడి వేస్తాడు. కాలు జారితే ఆ ముడే ప్రాణం. యాకూబ్ వేసిన ముడిని నేను ఒక్కనాడూ తడిమి చూడలేదు. వాడు ముడి వేస్తూ డోర్నకల్ స్టేషన్‌లో అమ్మే పూరీల గురించి చెబుతుండేవాడు. నేను నవ్వుతూ ముందుకు నడిచేవాణ్ణి.

ఒక ఉదయం సరిహద్దు అవతలి నుంచి ఫిరంగి గుండ్లు పడడం మొదలైంది. అంతకుముందూ పడ్డాయి, కానీ ఆ రోజు ఆగలేదు. నేనూ యాకూబ్ కందకంలో ఉన్నాం. ఒక గుండు మా గట్టు మీదే పేలింది. మట్టి, మంచు, పొగ. కళ్లు తెరిస్తే ఏమీ కనపడలేదు. "యాకూబ్! యాకూబ్!" అని అరిచాను. జవాబు లేదు. మళ్లీ అరిచాను, చేతులతో మట్టి తోడాను. అటుపక్క ఎవరూ తగల్లేదు. అప్పుడు నా బుర్రలోకి ఒక ఆలోచన వచ్చింది. నేను పిలిచింది కాదు, దానంతట అదే వచ్చింది: వీడు నన్ను వదిలేసి ఉరికాడు.

పొగ తగ్గాక చూస్తే, కందకం మలుపు దగ్గర యాకూబ్ మోకాళ్లదాకా మట్టి కొట్టుకుపోయి కూర్చుని ఉన్నాడు. తుపాకీ ఒళ్లో ఉంది. నా వైపు చూశాడు. ముఖం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. ఇద్దరం ఏమీ అడగలేదు. అడిగే తీరిక కూడా లేదు. అదే ఉదయం మా వాళ్లు ఇద్దరు పోయారు. వాళ్లను కిందికి మోసుకుపోవాలి.

ఆ తర్వాతి గస్తీలో వాడు నా నడుముకు ముడి వేశాడు. పూరీల మాట లేదు. నేను చెయ్యి వెనక్కి పెట్టి ఆ ముడి విప్పి, నేనే మళ్లీ కట్టుకున్నాను. వాడు చూశాడు. నేను ఇంకో రోజు వాడికి వేసిన ముడిని వాడూ విప్పాడు.

ఇది మా ఇద్దరితో ఆగిందనుకుంటే పొరపాటు. కొద్దిరోజుల్లో పోస్టంతా పాకింది. ఒకడు శుభ్రం చేసిన తుపాకీని ఇంకోడు మళ్లీ విప్పి చూసుకునేవాడు. ఎవడి సీసాలో వాడే నీళ్లు నింపుకునేవాడు. కాపలా కాసేది ఒకడు, వాడి మీద కాపలాగా మెలకువగా పడుకునేది ఇంకొకడు. ఆ రోజు ఎవడు తల వంచాడు, ఎవడు తిరిగి కాల్చాడు అని గుసగుసలు. వింత ఏమిటంటే, బయటినుంచి వచ్చి చూసిన పెద్ద అధికారికి అదంతా క్రమశిక్షణలా కనిపించింది. మా జాగ్రత్తను మెచ్చుకుని పోయాడు. ఒకే అన్నం తినే మనుషులు ఒకరికొకరు పరాయివాళ్లయిపోతుంటే, దానికి శభాష్ అని పేరు పెట్టారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇల్లు చేరిన ఎండాకాలం

ఇంటికి వస్తే పోతుందనుకున్నాను. కొండ మీద ఉన్నది కొండ మీదే ఉంటుందనుకున్నాను. అది నాతోపాటు రైలెక్కిందని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

స్వరూప హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. తను వెళ్లగానే ఇల్లంతా తిరిగి కిటికీలు చూసేవాణ్ణి. గ్యాస్ సిలిండర్ తిప్పి చూసేవాణ్ణి. మళ్లీ చూసేవాణ్ణి. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనాలి, కళ్లు తలుపు మీద ఉండాలి. కుక్కర్ కూత వేస్తే నేల మీద బోర్లా పడి ఉండేవాణ్ణి. ఇవన్నీ స్వరూప ఓర్చుకుంది. తను ఓర్చుకోలేకపోయింది చాయ్ విషయం.

తను ఇచ్చిన చాయ్ నేను తాగలేకపోయేవాణ్ణి. కప్పు పట్టుకుని దాని రంగు చూస్తూ కూర్చునేవాణ్ణి. తను ఎందుకు ఏదైనా కలుపుతుంది? కలపదని బుర్రకు తెలుసు. చెయ్యి మాత్రం కప్పును నోటిదాకా తేదు. ఒక రోజు స్వరూపకు అర్థమైంది. నా చేతిలో కప్పు తీసుకుని సగం తాగి, మిగిలింది నాకిచ్చింది. తాగాను. ఆ రోజు నుంచి రోజూ అంతే. తన ఎంగిలి చాయ్ తాగి బతికాను. ప్రతి గుటకకు తన ముఖం గట్టిపడడం చూశాను.

మేనల్లుడి పెళ్లి బారాత్‌లో డప్పులు మోగుతుండగా ఎవరో పటాకుల దండ అంటించారు. నా పక్కన మా బామ్మర్ది నడుస్తున్నాడు. వాణ్ణి నేలకేసి పడేసి, వాడి మీద పడుకున్నాను. వాణ్ణి కాపాడాననుకున్నాను. వాడి మణికట్టు విరిగింది. జనం నవ్వారు. "ఫౌజీ పటాకులకు భయపడ్డడు" అని ఎవరో అన్నారు. ఒకాయన రోజూ జర మందు పుచ్చుకుంటే నిద్ర పడుతుందని సలహా ఇచ్చాడు. ఇంకొకావిడ గాలి సోకిందని, తాయెత్తు కట్టించమని స్వరూప చెవిలో చెప్పింది. బామ్మర్ది మాత్రం పట్టీ కట్టిన చేత్తోనే వచ్చి, "బావా, నువ్వు నన్ను కాపాడినవ్ గని, జర మెల్లగ కాపాడాల్సుండె" అన్నాడు. ఆ వేసవిలో నాతో మామూలుగా మాట్లాడిన మనిషి వాడొక్కడే.

ఒక సాయంత్రం స్వరూప దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చింది. బస్సు దొరకలేదంది. ఏ బస్సు, ఎవరు పక్కన కూర్చున్నారు, ఎందుకు ఫోన్ చేయలేదు అని అడుగుతూనే ఉన్నాను. మా అమ్మాయి శ్రావ్య పుస్తకం మూసి లోపలికి పోయింది. స్వరూప సంచి నేలకేసి కొట్టింది.

"నేను నీ దుష్మన్‌నా? చెప్పు! ఇయ్యాల చెప్పు! అవుతల గుండ్లేసిన్రు సూడు, ఆళ్లల్ల నేనొకదాన్నా?"

"నేనట్ల అన్ననా?"

"అనుడెందుకు? నీ కండ్లు అంటానయ్. నీ ఎంగిలి నేను తాగుడు కాదు, నా ఎంగిలి లేకుంట నువ్వు తాగకపాయె. ఎన్నొద్దులు? నేను దవాఖానకు పోతాన. నువ్వు వస్తె రా. రాకుంటె నేనే పోయి నాకు పిచ్చి లేసిందని చెప్పుకుంట."

వెళ్లాను. తన బెదిరింపుకు కాదు. శ్రావ్య గది తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకున్న చప్పుడు విన్నాను. నా బిడ్డ నన్ను చూసి తలుపు వేసుకుంది. ఆ జబ్బు నా కొండను తీసుకుంది, నా పోస్టును తీసుకుంది. ఇల్లు మాత్రం ఇవ్వదలుచుకోలేదు.

బతుకమ్మ రోజులు

పెద్ద దవాఖానలో మానసిక విభాగం ముందు వరండా పొడుగ్గా ఉంటుంది. బయట పూల బండ్లు, తంగేడు పూల కట్టలు. లోపల ఒకరి ముఖం ఒకరు చూసుకోని మనుషులు. చేతిరుమాలుతో సగం ముఖం కప్పుకున్నవాళ్లు, చీటీ మడిచి జేబులో దాచుకున్నవాళ్లు. నేను గోడ పక్కన చోటు కోసం చూశాను. అన్నీ నిండి ఉన్నాయి. మధ్యలో కూర్చోలేక నిలబడ్డాను. కాళ్లు బయటికి లాగుతున్నాయి.

గోడ పక్కన ఒక ముసలమ్మ తన కొడుకుతో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"ఇటు రా బిడ్డా, గీ గోడకాడ కూసో. మావోడు గూడ గట్లనే. నడిమిట్ల కూసోడు."

"నువ్వు కూసో అవ్వా, పర్వాలే."

"నాకేంది, నేను యాడనన్న కూసుంట. నాకు ఎన్క ఎవలున్నా ఫికర్ లేదు."

ఆమె జరిగింది. నేను కూర్చున్నాను. ఆమె కొడుకూ నేనూ ఒకే గోడకు ఆనుకుని, ఒకే తలుపును చూస్తూ గడిపాం. చాలా రోజుల తర్వాత పక్కన మనిషి ఉన్నా నా గుండె మామూలుగా కొట్టుకుంది. ముసలమ్మ సంచిలోంచి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తీసి తన కొడుక్కీ, నాకూ, నా వెంట వచ్చిన స్వరూపకూ పెట్టింది. చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. స్వరూప కొరికి ఇద్దామని చెయ్యి చాపేలోపే తినేశాను. స్వరూప ముఖం అటు తిప్పుకుంది.

డాక్టరమ్మ నా కంటే చిన్నది. ధైర్యం చెప్పలేదు, సెల్యూట్ చేయలేదు. ఒకే ప్రశ్న అడిగింది. "చివరిసారి మీరు ఎవరికి వీపు చూపించి నిశ్చింతగా ఉన్నారు?"

నోట్లోంచి యాకూబ్ పేరు వచ్చింది. ఆ వెంటనే కందకం, మట్టి, ముడి అన్నీ వచ్చాయి. స్వరూప అవన్నీ అప్పుడే మొదటిసారి వింది.

మందులు మొదలయ్యాయి. నోరెండిపోయేది, పగలంతా మత్తు, చేతులు బరువు. ఒక దశలో ఇంకా దిగజారాను కూడా. ఎవరైనా ఈ దారిలో ఉంటే చెబుతున్నాను, అక్కడ ఆపొద్దు. వెళ్లి డాక్టర్‌ను తిట్టండి, మందు మార్పించుకోండి, కానీ ఆపొద్దు. వారం వారం మాట్లాడించేది డాక్టరమ్మ. కొన్నిసార్లు ఆమె మీద అరిచాను. "అరవండి, ఇక్కడ అరిస్తే ఇంట్లో తగ్గుతుంది" అనేది. ఒక ఉదయం స్వరూప వంటింట్లో ఉండగా గట్టు మీద ఉన్న చాయ్ నేనే తీసుకుని తాగాను. తను చూసింది. ఇంకో కప్పు పోసుకుంది. శ్రావ్య గది తలుపు తెరిచి ఉండడం మొదలైంది.

చలికాలం, డోర్నకల్

ఫోన్ చేసింది షాహీన్, నా తర్వాత సైన్యం వదిలి ఇల్లు చేరిన యాకూబ్ భార్య. ఆమెతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"అన్నా, మీరు సారయ్యన్నేనా? ఆయన గదిలకెల్లి బయటికి వస్తలేడు. అన్నం గుమ్మం కాడ పెడితె, ముందు పిల్లికి ఏసి చూస్తాండు. మీ పేరే తీస్తాండు. మీరు వదిలేసి పోయిన్రని అంటాండు. ఏంది అన్నా ఇది?"

నేను వదిలేసి పోవడం ఏమిటి?

స్వరూపా నేనూ రైలెక్కాం. పెట్టె కిటకిటలాడుతోంది. వీపుకు గోడ లేదు. స్వరూప నా వెనక నిలబడి, రెండు చేతులతో పైకడ్డీ పట్టుకుని, డోర్నకల్ దాకా నాకు గోడలా ఉంది. దేవతను చెయ్యొద్దంది కాబట్టి ఇది కూడా రాస్తాను: దారి పొడుగునా నా మీదా, యాకూబ్ మీదా, సర్కారు మీదా సణుగుతూనే ఉంది.

ఎండ బాగా ఎక్కిన వేళ వాళ్లింటికి చేరాం. గది తలుపు ముందు కూర్చున్నాను.

"యాకూబ్. నేను, సారయ్యను."

లోపలి నుంచి గొంతు. "ఇప్పుడచ్చినవా? ఆ పొద్దు రాకపోతివి."

"ఏ పొద్దు?"

"కందకంల. మట్టి కింద కాలు ఇరుక్కపోయింది. సారన్నా, సారన్నా అని గొంతు పోయేదాక పిలిచిన. నువ్వు ఉరికినవ్."

"నేను ఉరికిన్నా? నేను నిన్ను పిలిచినరా! మట్టి తోడిన. నువ్వు పలుకలే. నువ్వే ఉరికినవనుకున్న!"

"ఝూట్."

"నా బిడ్డ తోడు."

మెల్లగా, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. "ఆ పొద్దు నీకు చెవులు ఇనబడ్డయా?"

"లేదు. మాపటిదాక గుయ్‌మనుకుంట ఉన్నయ్. నా అరుపు నాకే ఇనబడలే."

"నాకు గూడ..." వాడు ఆగిపోయాడు.

మేమిద్దరం ఒకే కందకంలో, ఒకే పొగలో, ఒకరినొకరు పిలుచుకుంటూ ఉన్నాం. గుండు చప్పుడుకు ఇద్దరి చెవులూ పోయాయి. నేను వాడి పేరు, వాడు నా పేరు. ఇద్దరం పిలిచాం, ఇద్దరికీ వినపడలేదు. అంతే జరిగింది.

గొళ్లెం తీసిన చప్పుడైంది. గడ్డం పెరిగి, చిక్కి సగమైన మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. కౌగిలించుకుంటాడనుకున్నాను. పక్కనున్న బకెట్‌ను తన్నాడు. నీళ్లు వాకిలంతా పారాయి.

"ఒక్క మాట అడిగుంటె అయిపోవు గదన్నా! ఒక్క మాట!"

"ఎవడు అడగనిచ్చిండు? నీకు తీరిక ఉండెనా? నాకు ఉండెనా? మనోళ్లను మోసుకొని దిగినం. మళ్ల ఎక్కినం. మళ్ల గుండ్లు. ఎప్పుడు అడుగుదుము?"

వాడు అక్కడే తడి నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేనూ కూర్చున్నాను. స్వరూప, షాహీన్ గుమ్మంలో నిలబడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

నిజం తెలిసింది కదా, అక్కడితో కథ తీరిపోయిందనుకోకండి. నిజం తెలిస్తే జబ్బు పోదు. ఆ తర్వాత కూడా వాడు ఫోన్ చేసి, "సారన్నా, నిజంగనే పిలిచినవా?" అని అడిగేవాడు. పిలిచానని చెప్పేవాణ్ణి. మళ్లీ అడిగేవాడు. మళ్లీ చెప్పేవాణ్ణి. దవాఖానకు రమ్మంటే, "నన్ను పిచ్చోడంటానవా?" అని ఫోన్ పెట్టేసేవాడు. మర్నాడు మళ్లీ చేసేవాడు.

ఇప్పుడు

కొండ మీద కలిసి ఉన్న మా పాత పల్టన్‌వాళ్లకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. పండుగ శుభాకాంక్షలు, పాత ఫొటోలు, జెండాలు. నేను అందులో జరిగిందంతా రాశాను. నాకు ఏ జబ్బో, ఏ మందులో, కందకంలో ఏం జరిగిందో. యాకూబ్ రాయమన్నాకే వాడి సంగతి రాశాను. కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకడు నేను పిరికివాణ్ణని రాశాడు. వాడికి నేను జవాబు ఇవ్వలేదు, యాకూబ్ ఇచ్చాడు. ఆ భాష ఇక్కడ రాయలేను.

అప్పట్లో మాపైన ఉన్న సుబేదార్ సాబ్ ఫోన్ చేశాడు. నర్సంపేట దిక్కు మనిషి. మమ్మల్ని కొడుకుల్లా చూసుకున్నవాడే.

"సారయ్యా, ఏందిరా ఈ రాతలు? పల్టన్ ఇజ్జత్ తీస్తానవ్. పోవాల్నంటె ఎవలకు తెల్వకుంట పో. పేరు మార్చి రాయించుకో."

"సాబ్, మనోళ్లు ఒకలనొకలు నమ్మకుంట బతుకుతాంటె, ఇజ్జత్ యాడున్నది? నేను పేరు మార్చుకోను. ఈ పేరుతోనే కొండెక్కిన, ఈ పేరుతోనే దవాఖానకు పోత."

"నీకు చెప్పుడు నా తప్పు" అని ఫోన్ పెట్టేశాడు.

మొన్న యాకూబ్ వచ్చాడు. వస్తానని చెప్పలేదు. షాహీన్‌తో పొద్దున్నే రైలు దిగి, "నడువు" అన్నాడు. వరండా ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంది. చీటీ రాసే అతను తల ఎత్తకుండా అడిగాడు.

"పేరు?"

"యాకూబ్."

"ఏం బీమారి?"

వాడు చుట్టూ చూశాడు. రుమాళ్లు, మడిచిన చీటీలు, కిందికి వాలిన కళ్లు. వాడి గొంతు తగ్గుతుందనుకున్నాను. పెరిగింది.

"జంగ్."

"యుద్ధమంటే రాయరాదు."

"నాకయిన బీమారి గదే. నువ్వేమన్న రాసుకో."

వరండాలో కొందరు తలలెత్తారు. డాక్టరమ్మ పిలిచినప్పుడు వాడు తలుపు దగ్గర ఆగి నా వైపు తిరిగాడు. "లోపట ఎంతసేపయితదో తెల్వదు. పోకు సారన్నా."

"యాడికి పోత? ఈడనే ఉంట."

వాడు లోపలికి వెళ్లాక నా ఫోన్ మోగింది. సుబేదార్ సాబ్. అన్నాళ్ల తర్వాత మళ్లీ.

"యాడున్నవ్ రా?"

పక్కనున్నవాళ్లకే కాదు, వరండా చివరిదాకా వినపడేలా చెప్పాను. "దవాఖాన్ల ఉన్న సాబ్. దిమాగ్ డాక్టర్ కాడ. యాకూబ్ లోపట ఉన్నడు."

తిడతాడని ఎదురుచూశాను. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. ఊపిరి వినపడుతూ ఉంది. నేను ఎన్నడూ వినని గొంతుతో అడిగాడు.

"ఆ డాక్టరమ్మ ఏ దినం ఉంటదిరా, సారయ్యా?"

చెప్పాను. అది కూడా గట్టిగానే చెప్పాను.